తిరస్కారము, రద్దు, నామంజూరు: కొన్ని పదాల పుట్టుపూర్వోత్తరాలు

మా కళాశాల వరండాలో జూన్, జూలై మాసాలలో తఱచుగా వినబడే మాట ఒకటున్నది: "రిజెక్టు అయింది." ప్రవేశపు దరఖాస్తు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, బస్సు పాసు కాగితం, ఏది తిరిగి వచ్చినా విద్యార్థి నోట వెలువడేది ఈ ఒక్క మాటే. ఉర్దూ మాధ్యమం వారూ అదే అంటారు, తెలుగు మాధ్యమం వారూ అదే అంటారు. ఈ భావానికి రెండు భాషలలోను ఎన్నో మాటలు ఉండగా, వాటి నన్నిటిని ప్రక్కకు నెట్టి ఈ పరభాషా పదం గద్దె నెక్కినది. అయితే మేము ఈ వ్యాసానికి పూనుకొనుటకు కారణం కేవలం భాషాభిమానం కాదు. ఒక మాటకు అర్థం సరిగా చెప్పనందువలన మా విద్యార్థి ఒకనికి ఒక సంవత్సరం నష్టమైనది. ఆ తప్పు మాది. ఆ సంగతి దాని చోట చెప్పుకొందము. ముందుగా పదాల సంగతి.

'రిజెక్టు' అనునది లాటిన్ నుండి ఆంగ్లంలోనికి ప్రవేశించినది. లాటిన్‌లో 'రె' అనగా వెనుకకు, 'యాకెరె' అనగా విసరుట. వెనుకకు విసరివేయుట అని దీని అక్షరార్థం. ఈ ధాతువు సంతానం మన తరగతి గది నిండా ఉన్నది. క్రిందుగా వేయబడినది సబ్జెక్టు, ఎదుట వేయబడినది ఆబ్జెక్టు, ముందుకు వేయబడినది ప్రాజెక్టు, నామవాచకం ప్రక్కన వేయబడినది అడ్జెక్టివు. వైద్యుడు లోనికి వేసేది ఇంజెక్షను. ఫ్రెంచి భాష మీదుగా వచ్చిన 'జెట్' విమానం సైతం ఈ ఇంటి బిడ్డయే. గణితం వారిని చిన్నబుచ్చడం ఎందుకు, వారి 'ప్రాబ్లము' కూడా గ్రీకు భాషలో ముందుకు విసరబడినది అనే అర్థం గలదే. ఆ విసరిన దానిని పట్టుకొనలేక మేము చదువుకొనే రోజులలో పడిన పాట్లు ఇక్కడ అప్రస్తుతం.

ఇక సంస్కృతం వైపు చూతము. అక్కడను విసరుట అనే అర్థం గల ధాతువులు రెండు మన చదువులో పాతుకొని ఉన్నవి. ఒకటి 'అస్', మరొకటి 'క్షిప్'. విసరబడేది కనుక అస్త్రము. నిర్ అనే ఉపసర్గ చేరితే నిరసనము, అనగా బయటికి విసరివేయుట. ఇది లాటిన్ వారి రిజెక్టుకు సరితూగే మాట. సంస్కృతంలో నిరసన అంటే త్రోసివేయుట, ఖండించుట. నేటి తెలుగు పత్రికలలో నిరసన అంటే అన్యాయానికి ఎదురుగా గొంతెత్తుట. ఒకప్పుడు త్రోసివేసేవాని చేతిలో ఉన్న మాట కాలక్రమాన త్రోయబడినవాని నోటికి వచ్చి చేరినది. అర్థపరిణామాలలో ఇంత చక్కని మలుపు అరుదు.

అస్ ధాతువు కథ ఇంతటితో తీరలేదు. మరల మరల ఒకే గురిపై వేయుట అభ్యాసము. ఒకచోట చేర్చి వేయుట సమాసము. విడదీసి పరచుట వ్యాసము. దగ్గరకు తెచ్చి ఉంచుట ఉపన్యాసము. ఉన్నదంతా క్రింద పెట్టివేయుట సన్న్యాసము. విద్యార్థి అభ్యసించేది, అధ్యాపకుడు ఉపన్యసించేది, ఈ సంచిక కొఱకు మేము వ్రాసేది, వ్యాకరణం తరగతిలో విగ్రహవాక్యం చెప్పలేక తడబడేది, అన్నియు నిరసనకు తోబుట్టువులే. ఇది తెలిసిన నాటి నుండి మాకు నిరసన అనే మాట పరాయిదిగా తోచుట లేదు.

క్షిప్ ధాతువు కూడా ఇట్టిదే. విసరబడేది క్షిపణి. గ్రంథంలోనికి తరువాతివారు విసరినది ప్రక్షిప్తము. దగ్గరకు కుదించినది సంక్షిప్తము. దాచిపెట్టినది నిక్షేపము. ఒకని మాటకు అడ్డంగా వేసేది ఆక్షేపణ. ఆంగ్లంలోని 'అబ్జెక్షను'ను ముక్కలుగా విడదీసినా విసరుట అనే అర్థమే వచ్చును.

మనము పుస్తకాలలో విరివిగా వాడే తిరస్కారము మాత్రం విసరుట కాదు. ఇది 'తిరస్' అనే అవ్యయానికి చేయుట అనే అర్థం గల 'కృ' ధాతువు చేరగా ఏర్పడినది. తిరస్ అనగా అడ్డముగా, ప్రక్కగా, కంటికి కనబడకుండా. కావున తిరస్కరించుట అనగా ప్రక్కకు చేయుట, కంటికి మఱుగు చేయుట. తెరకు తిరస్కరిణి అని పేరు కలదు. కాళిదాసు విక్రమోర్వశీయ నాటకంలో ఊర్వశి ఇతరుల కంటబడకుండా ఉండుటకు వాడేది తిరస్కరిణీ విద్యయే. తిరోధానము, తిరోహితము అనే మాటలలోను ఈ తిరస్సే ఉన్నది. అడ్డముగా నడిచేవి కనుక పశుపక్ష్యాదులకు తిర్యక్కులని పేరు వచ్చినది. రేఖాగణితంలో రెండు రేఖలను అడ్డంగా ఖండించే దానిని తిర్యగ్రేఖ అంటాము. ఆంగ్లంలో దానినే 'ట్రాన్స్‌వర్సల్' అంటారు. అందలి లాటిన్ 'ట్రాన్స్', సంస్కృతపు 'తిరస్' ఒకే మూలం నుండి చీలినవని తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించినారు. 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల చుట్టరికాన్ని ఎత్తిచూపిన పిమ్మట ఇట్టి పోలికలు వందల కొలది బయటపడినవి.

నిరాకరణము గుఱించి ఒక్క మాట. దీనికి నిరాకారమునకు చుట్టరికం కలదా అని విద్యార్థులు అడుగుతుంటారు. విడదీసిన ముక్కలు ఒకటే, వాటి పొందిక వేఱు. ఆకారమనగా రూపము, అది లేనిది నిరాకారము. దగ్గరకు తెచ్చుట అనే అర్థంలో 'ఆ', 'కృ' కలిసినప్పుడు దానికి ముందు నిర్ చేరి, దగ్గరకు రానీయక వెళ్ళగొట్టుట అనే అర్థాన్ని ఇచ్చుచున్నది. తిరస్కరించినవాడు మనలను తెర వెనుకకు నెట్టును. నిరాకరించినవాడు గుమ్మం లోపలికి రానీయడు.

తేట తెలుగులో ఈ భావం మఱింత సూటిగా ఉన్నది. త్రోసిపుచ్చుట అంటే త్రోసి పంపివేయుట. ఇందలి 'పుచ్చు' పోవునట్లు చేయుట అనే అర్థం గల పాత క్రియ. ప్రొద్దుపుచ్చుట, కాలము వెళ్ళబుచ్చుట అనే పలుకుబళ్ళలో అది నేటికీ బ్రతికి ఉన్నది. వెలివేయుట అంటే బయట వేయుట. కాదనుట అంటే 'కాదు' అని పలుకుట. తెలుగులో లేదు, కాదు, వద్దు అనే మూడు మాటల పని మూడు విధాలు. వస్తువు ఉనికిని లేదు అనేది త్రోసివేయును. అది ఫలానాది అనుటను కాదు అనేది త్రోసివేయును. కోరికను వద్దు అనేది త్రోసివేయును. ఈ వద్దు ఒకప్పటి 'వలదు'. వలయునది కానిది వలదు. వలచుట, వలపు కూడా ఈ కుటుంబంలోనివే. వలపు లేదని చెప్పుటకే వద్దు పుట్టినదని మా తెలుగు పండితులొకరు తరగతిలో చమత్కరించేవారు. శాస్త్రానికి అది పూర్తిగా నిలువకపోయినా విద్యార్థులకు మఱపు రాని పాఠం అయినది.

ఇప్పుడు ఉర్దూ ద్వారా మనకు సంక్రమించిన మాటలకు వత్తము. హైదరాబాదు రాజ్యంలో 1880ల దశకంలో ఫార్సీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించి కచ్చేరీల భాష అయినది. సర్కారు జిల్లాలలోను దత్తమండలంలోను అంతకు పూర్వమే ఫార్సీ, హిందుస్తానీ మాటలు తెలుగు దస్త్రాలలో చోటు చేసుకొన్నవి. ఇట్టి మాటల కొఱకే సి.పి. బ్రౌను దొర 1852లో ప్రత్యేకంగా జిల్లా నిఘంటువును ప్రకటించవలసి వచ్చినది. కావున ఈ పదాలు ఒక్క తెలంగాణానివో, ఒక్క ముస్లిములవో అనుకొనరాదు. రైతు నోట, వకీలు నోట, గుమాస్తా నోట సమంగా నలిగిన మాటలివి.

వీటిలో మొదటిది రద్దు. అరబ్బీలో 'రద్' అనగా తిరిగి ఇచ్చుట, మరల్చుట. వినుటకు వింతగా ఉండును కాని, అరబ్బీలో జవాబు చెప్పుటకు కూడా ఇదే మాట. సలాముకు బదులు సలాము చెప్పుట 'రద్దుస్సలామ్'. ఎదుటివాడు పంపినదానిని మరల అతనివైపు పంపుట ఈ ధాతువు స్వభావం. అది ఆదరంతో పంపితే జవాబు, అనాదరంతో పంపితే తిరస్కారం. ఉర్దూలో ప్రతిక్రియను 'రద్దె అమల్' అంటారు. ఖండన ప్రకటనను 'తర్‌దీద్' అంటారు. త్రోసివేయబడినవాడు 'మర్‌దూద్', అది తిట్టు కూడాను. పనికిరాదని ప్రక్కన పడవేసిన కాగితం రద్దీ కాగితం. గజలు చదివే మిత్రులు రదీఫ్‌ను కూడా ఈ జాబితాలో చేర్చబోదురేమో. అది తగదు. రదీఫ్‌లోని ధాతువు వేఱు, దాని అర్థం వెనువెంట వచ్చుట. తెలుగులోనికి వచ్చిన రద్దు మరల్చుట అనే పాత అర్థాన్ని పూర్తిగా విడిచినది. రైలు రద్దయిందంటే ఆ రైలు ఎవరికీ జవాబు చెప్పదు.

రెండవది ఖారిజు. ఇది అరబ్బీలో బయటికి పోవుట అనే ధాతువు నుండి వచ్చినది. మన సంచిలో నుండి బయటికి పోయేది కనుక ఖర్చు కూడా దీని బిడ్డయే. దీనికి ఎదురుమాట దాఖలు, అనగా లోనికి వచ్చినది. అర్జీ దాఖలగును, ఆ పిమ్మట ఖారిజగును. లోనికి వచ్చుట, బయటికి పోవుట అంతే. తెలంగాణ రెవెన్యూ దస్త్రాలలో ఖారిజ్ ఖాతా అనే మాట భూముల వర్గీకరణలో చాలాకాలం నిలిచినది.

మూడవది బర్తరఫు. ఫార్సీ 'బర్' అనగా మీద, అరబ్బీ 'తరఫ్' అనగా ప్రక్క. ప్రక్కకు పెట్టుట అని అర్థం. సంస్కృతంలోని తిరస్కారం కూడా ప్రక్కకు చేయుటయే గదా. రెండు వేఱు భాషలు ఒకే ఊహను చేరుకొన్నవి. మనవైపు నిలబడే వకీలు మన తరఫున మాట్లాడును, కొలువు పోగొట్టుకొన్నవాడు బర్తరఫగును. రెండింటను ఉన్నది ఒకే ప్రక్క.

ఇన్‌కారు మఱింత లోతైనది. దీని ధాతువునకు ఎఱుగకుండుట, గుర్తింపకుండుట అనే అర్థం కలదు. అరబ్బీ వ్యాకరణంలో తెలిసిన వస్తువును చెప్పే నామవాచకం 'మారిఫా', తెలియని వస్తువును చెప్పేది 'నకిరా'. ఆ నకిరా, ఈ ఇన్‌కారు ఒకే ఇంటివి. ఇన్‌కారు చేసినవాడు "ఇది నాకు తెలియదు, నేను దీనిని ఎఱుగను" అంటున్నాడన్నమాట. వైద్యశాస్త్రంలో రిజెక్షన్ అనే మాటను వాడే తీరు చూస్తే ఈ సంగతి ఇంకొక విధంగా బోధపడును. ఒకరి అవయవాన్ని మఱొకరికి అమర్చినప్పుడు శరీరం దానిని పరాయిదిగా పోల్చుకొని దాడి చేయును. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కాలిన గాయాలకు చర్మం అతికే ప్రయత్నాల నుండి పీటర్ మెడవార్ ఈ విషయాన్ని పరిశోధింపసాగినాడు. ఈ రంగంలోని కృషికి ఆయనకు, మాక్‌ఫార్లేన్ బర్నెట్‌కు 1960లో నోబెల్ బహుమానం లభించినది. 1954లో బోస్టన్ నగరంలో జోసెఫ్ మరే బృందం చేసిన మూత్రపిండ మార్పిడి ఫలించుటకు ప్రధాన కారణం ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు ఒకే పోలిక గల కవల సోదరులగుటయే. సోదరుని అవయవాన్ని శరీరం తనదిగానే ఎంచినది.

ఇక నామంజూరు. ఇది మూడు భాషల పొత్తు. 'నా' అనే నిషేధం ఫార్సీది. అది మన సంస్కృతపు 'న'కు తోబుట్టువు. 'మంజూర్' అరబ్బీది. చివరి ఉకారం మన తెలుగుది. మంజూరుకు మూలం నజర్, అనగా చూపు. మంజూరయినది అంటే చూడబడినది, పెద్దల దృష్టి సోకినది. (నజరానాలోని నజర్ ఇది కాదు. ఉర్దూ లిపిలో చూపు జోయెతోను, కానుక జాల్‌తోను వ్రాస్తారు. తెలుగు లిపిలో రెండూ ఒకే జకారమై కూర్చున్నవి. మా తెలుగు మాధ్యమం విద్యార్థులు ఈ తేడా తెలియుటకైనా ఉర్దూ అక్షరాలు నేర్చుకొనవలెనని మా కోరిక.) కావున నామంజూరయిన అర్జీ అంటే, మాట ప్రకారం, ఎవరి చూపునకు నోచుకోని అర్జీ. సంస్కృతంలో ఉపేక్షలో ఉన్నదీ చూచుట అనే అర్థం గల ధాతువే. చూచి కూడా చూడనట్లుండుట ఉపేక్ష. ఆ ధాతువు నుండే పరీక్ష వచ్చినది, ప్రతీక్ష వచ్చినది. ప్రతీక్ష అనగా వేచి ఉండుట. ఉర్దూలో వేచి ఉండుటను ఇంతిజార్ అంటారు, అందున్నది మంజూరులోని నజరే. తెలుగులో మనము అనేది ఎదురుచూచుట. అర్జీ పెట్టినవాడు మూడు భాషలలోను చూపుతోనే వేచి ఉన్నాడు. ఆ చూపును మరొక చూపు కలిసినదా లేదా అనునదే మంజూరు, నామంజూరు.

మేము చెప్పదలచిన సంగతి ఇక్కడ వచ్చినది. కొన్ని సంవత్సరాల క్రిందట డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు, స్కాలర్‌షిప్ దరఖాస్తు తాలూకు కాగితంతో మా వద్దకు వచ్చినాడు. ఆంగ్లంలో నాలుగైదు పంక్తులు. మేము తరగతికి పోయే తొందరలో ఉన్నాము. పై పంక్తి చూచి, "రిజెక్టు అయినట్లున్నది బాబూ" అని, కాగితం అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయినాము. అతడు దానిని మడిచి ఇంట్లో పెట్టెలో దాచినాడు.

రెండు నెలలకు అతని తండ్రి వచ్చినాడు. సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఆయనది. ఉర్దూ చదువగలడు, ఆంగ్లం రాదు. ఆ కాగితం మా బల్లపై పరచి, "సాబ్, యే వాపస్ ఆయా కీ, రద్ హువా?" అని అడిగినాడు. తిరిగి వచ్చినదా, రద్దయినదా? మేము అప్పుడు కాగితాన్ని చివరి వఱకు చదివినాము. ఆదాయ ధ్రువపత్రంపై అధికారి సంతకం లేనందున దరఖాస్తును తిప్పి పంపుచున్నామని, సరిచేసి 30 దినాలలో మరల పంపవలెనని అందులో ఉన్నది. ఆ 30 దినాలు ఎప్పుడో గడిచిపోయినవి.

ఎవరు నేర్పినారో గాని, ఆయన అడిగిన ప్రశ్న న్యాయశాస్త్రంలో చాలాకాలంగా ఉన్నదే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో ఏడవ ఆర్డరు తీసి చూడవచ్చును. తగిన న్యాయస్థానంలో వేయలేదని దావా అర్జీని తిప్పి ఇచ్చుట 10వ రూలు. దావాకు కారణమే చూపలేదనియో, చట్టం అడ్డుపడుచున్నదనియో, అట్టి ఇతర లోపాలకో దానిని తిరస్కరించుట 11వ రూలు. అట్లు తిరస్కరించినంత మాత్రాన అదే కారణంపై క్రొత్త అర్జీ వేసికొనరాదని లేదని 13వ రూలు చెప్పుచున్నది. దావాను విచారించి కొట్టివేయుట వీటన్నిటికంటె వేఱు. వీటిలో ఏ మాటకు ఎంత బరువో కచ్చేరీ మెట్లెక్కినవాడు తెలిసికొని తీరవలెను. ఆ తండ్రి అరబ్బీ ధాతువులు చదువలేదు. కాని వాపస్ వేఱు, రద్ వేఱు అని ఆయనకు తెలిసినది. ఇన్ని నిఘంటువులు త్రిప్పిన మాకు ఆ పూట తెలియలేదు. రెండింటికీ కలిపి ఒక్క 'రిజెక్టు' అనే మాటను వాడే అలవాటు మా కంటికి తెర అయినది.

ఫీజు కట్టుటకు దారి లేక ఆ విద్యార్థి ఆ ఏడు చదువు మాని తండ్రితోపాటు దుకాణంలో పనిచేసినాడు. మరుసటి సంవత్సరం అతని దరఖాస్తును మేము దగ్గరుండి, ప్రతి కాగితంపై సంతకమూ ముద్రా చూచుకొని పంపినాము. ఈసారి జవాబు తెలుగులో వచ్చినది. విద్యార్థి దుకాణంలో తండ్రికి చదివి వినిపించుచు "మంజూరు చేయడమైనది" అనే మాట దగ్గరకు రాగానే, ఆయన చేయెత్తి ఆపి, తక్కినది చదువవలసిన పని లేదన్నాడట. తన తోటివారు మూడవ సంవత్సరం గదిలోనికి వెళ్ళుచుండగా అతడు మరల రెండవ సంవత్సరం గదిలోనికి వచ్చి కూర్చున్నాడు.